పై గుండీ

పెద్దమ్మ నీళ్లు చిలకరించి ఇస్త్రీపెట్టె ఆనించగానే కోటు చేతి మీది ముడత అణిగిపోయింది. నిన్న సాయంత్రం కూడా సరిగ్గా ఇక్కడే, మోచెయ్యి వంగే చోటే, ఇదే ముడతను అణిచింది. తెల్లారేసరికి మళ్లీ పడింది. ఊరికే వేలాడే కోటుకు, ఎవరో రాత్రంతా తొడుక్కుని తిరిగినట్టు ముడతలెలా పడతాయి? ఆమె ఎవరినీ అడగలేదు. అడిగితే చాదస్తం ముదిరిందని ఇంటికి పంపేస్తారు.

స్టూడియోలో అది బట్టల గది. అక్కడ తీసే అంతరిక్ష నౌక సీరియల్ ఎప్పుడు మొదలైందో తీసేవాళ్లకే సరిగ్గా గుర్తులేదు. అందులో చావంటే సెలవు చీటీ. పేలిపోయినవాడు కవల సోదరుడై వస్తాడు, కాలిపోయినామె వేరే కాలంలోంచి దిగుతుంది. అందుకే కథలోంచి వెళ్లిపోయినవాళ్ల బట్టలు పారెయ్యరు. వెనక దండేనికి తగిలించి, పై గుండీ ఒక్కటి విప్పి ఉంచుతారు. తిరిగొచ్చేవాళ్లకు దారి ఉండాలని ఎవరో పాత దర్జీ పెట్టిన అలవాటు. ఇక రారని రచయిత తేల్చేస్తే గుండీ పెట్టి పెట్టెలో పడేస్తారు.

ఈ బూడిదరంగు కోటు తలుపు మనిషిది. నౌకను కాపాడటానికి బయటినుంచి తలుపు మూసి చీకట్లో ఉండిపోయిన కాపలావాడు. ఆ వేషం వేసింది పెద్దమ్మ భర్త. "శవం చూపించలేదుగా, వస్తాడు చూడండి" అని జనం ఇప్పటికీ వాదించుకుంటారు. భర్త శవాన్ని పెద్దమ్మ చూసింది. ఆ తలుపు సీను తీసిన ఏడే జ్వరంతో పోయాడు. అయినా ఆ వాదనలో ఆమె వస్తాడనే పక్షమే.

మధ్యాహ్నం రచయిత హుషారుగా వచ్చాడు.

"పెద్దమ్మా, శుభవార్త! తలుపు మనిషిని వెనక్కి తెస్తున్నాం."

ఆమెకు ప్రాణం లేచొచ్చింది. "ఎవరు వేస్తారు బాబూ?"

"కొత్తాయన. భుజాలు కాస్త వెడల్పు. రేపటికల్లా కుట్లు విప్పి వదులు చేయించండి."

అతను వెళ్లగానే బట్టతల దర్జీ కత్తెర పట్టుకొచ్చాడు. పెద్దమ్మ కోటును ఒళ్లోకి లాక్కుంది.

"సాయంత్రం దాకా ఆగరా నాయనా. నేనే విప్పుతా."

"నువ్వు విప్పవు, నాకు తెలీదా? కత్తెర ఇక్కడ పెడుతున్నా. రేపు మాట పడేది నేను."

ఆ కోటుకున్నవి తన భర్త భుజాల కొలతలు. ఇంకొకడు అందులో దూరితే ఆయన తిరిగి రావడానికి చోటేది? పెద్దమ్మకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. కోటు చేతిలోకి తన చెయ్యి పోనిచ్చింది. ఇస్త్రీ చేసి చాలాసేపయినా లోపల వెచ్చగా ఉంది.

"వస్తే నువ్వే రా. లేదంటే నన్ను పిలుచుకో," అంది.

దర్జీ టీ తెచ్చేసరికి ఆమె కుర్చీలోనే పోయి ఉంది. తల కోటు భుజం మీద ఆనింది. కత్తెర పెట్టిన చోటే ఉంది.

ఆ కబురు విని రచయిత తలుపు మనిషి రాకను వాయిదా వేశాడు. దర్జీ నలిగిన కోటును నలిగినట్టే వెనక దండేనికి తగిలించాడు. పెద్దమ్మ పనిలో వేసుకునే నీలం కోటును మాత్రం స్వయంగా ఇస్త్రీ చేసి, పక్కనే తగిలించి, పై గుండీ విప్పాడు. గదికి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని, ఏడుస్తూ ఇంటికి పోయాడు.

పొద్దున అతను తలుపు తీసేసరికి బూడిదరంగు కోటు మీద ఒక్క ముడత లేదు. దాని పక్కన నీలం కోటు వేలాడుతోంది, రెండు మోచేతుల దగ్గరా కొత్త ముడతలతో.