పక్కింటి చల్లదనం

నేను ఒక పలకను. రేకుల ఇళ్ళలో కప్పు కింద బిగిస్తే ఎండవేడిని లోపలికి దిగనివ్వను. వరిపొట్టు, సున్నం కలిపి అచ్చులో ఒత్తి నన్ను చేసింది నీలవేణి. బెజవాడలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పరిశోధకురాలామె. కరెంటు ఖర్చు లేకుండా ఇంటిని చల్లబరచడం ఎలాగని ఆమెలాంటివాళ్ళు ఎన్నో దేశాల్లో తలలు బద్దలు కొట్టుకుంటున్నారు. ఒకచోట కొబ్బరిపీచు, ఒకచోట గడ్డి, మరోచోట తెల్లసున్నం. మనుషులు చిత్రమైనవాళ్ళు. ఎండకు తల దాచుకోవాలని రేకు వేసుకుంటారు, ఆ తర్వాత రేకు నుంచి తల దాచుకునే దారి వెతుక్కుంటారు.

పలకలున్న ఇల్లు, లేని ఇల్లు పక్కపక్కన ఉంటేనే తేడా తెలుస్తుందట. కొండవాలు కాలనీలో అలాంటి రెండిళ్ళు దొరికాయి. నా తోటి పలకలు కొన్ని టైలర్ సుభాని ఇంటికి వెళ్ళాయి. పక్కిల్లు ఏసోబు, మార్తమ్మలది. లారీలకు బస్తాలెత్తి ఊపిరితిత్తులు పాడుచేసుకున్న ఏసోబు ఇంటిపట్టునే ఉండేవాడు. ఎండలు తగ్గాక వాళ్ళింటికి వేద్దామని మమ్మల్ని ల్యాబులో గోడకు ఆనించి ఉంచారు.

మే నెలలో మార్తమ్మ ల్యాబుకు వచ్చింది.

"మా ఆయన ఉడికిపోతన్నాడమ్మా. పక్కింట్లో ఫ్యాను కూడా ఏసుకోట్లా. మాకూ ఏసెయ్యండమ్మా."

"ఇప్పుడు వేస్తే లెక్క చెడిపోతుంది మార్తమ్మ గారూ. జూన్ దాకా ఓర్చుకోండి. మీ పలకలు ఇవిగో, సిద్ధంగా ఉన్నాయి" అంది నీలవేణి.

మార్తమ్మ నా మీద చెయ్యి వేసి చూసి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత మధ్యాహ్నాలు సుభానే ఏసోబును తనింటికి పిలిచి కూర్చోబెట్టుకునేవాడు. ఒకరోజు సుభాని కుటుంబం ఇంటికి తాళం వేసి పెళ్ళికి వెళ్ళింది. మార్తమ్మ హోటల్లో వంటపని ముగించుకుని వచ్చేసరికి ఏసోబు గడప దగ్గర పడి ఉన్నాడు. అప్పటికే ప్రాణం పోయింది.

ఆ సంగతి చెప్పడానికి సుభాని ల్యాబుకు వచ్చాడు. "తాళం ఏసింది నేనే మేడం. తాళంచెవి ఆయన చేతికిచ్చి పోయినా బతికేవాడు" అని ఏడ్చాడు.

"ఆ ఇంటిని వేడిగా ఉంచింది నేను సుభాని గారూ" అంది నీలవేణి.

రెండిళ్ళలో పెట్టిన వేడి కొలిచే మీటర్లలో తేడా అన్నిటికన్నా ఎక్కువగా కనిపించింది ఆ రోజే. వివరాలు చూసిన విదేశీ పరిశోధకులు ఫోన్ చేసి అభినందించారు. ఇంత మంచి ఫలితం తమకెక్కడా రాలేదన్నారు. నీలవేణి ఫోన్ పెట్టేసింది.

మర్నాడే మమ్మల్ని ఆటోలో వేయించుకుని కొండవాలుకు తీసుకెళ్ళింది. లెక్క పూర్తికాలేదని పైవాళ్ళు అరిచినా వినలేదు. మార్తమ్మ గుమ్మంలోంచి పక్కకు జరిగింది.

"ఏసుకోండమ్మా. వద్దనే ఓపిక కూడా లేదు నాకు."

మమ్మల్ని బిగించడం అయ్యాక మార్తమ్మ బట్టలు మూటకట్టుకుని, తలుపుకు తాళం వేసి, నూజివీడులో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు.

పైన రేకు కాలిపోతూనే ఉంది. నేను వేడిని ఆపుతూనే ఉన్నాను. కింద ఖాళీ మంచం ఒకటి, చల్లగా.