కర్ర ఎత్తమన్న మనిషి

నోరు ఊరుకోని మనిషితో రోజంతా ఒకే పడవలో కూర్చోవడం ఎంత నరకమో నన్నడగండి. మా కావన్ సరస్సులో చేపలు పట్టే పోటీల్లో ఎవరికెవరు జతో చీటీలు తీసి తేలుస్తారు. నాకు తగిలినవాడు ఫింటన్, సాక్షాత్తూ మా ఆయన అన్న. చీటీ విప్పగానే నా ఒళ్ళు మండింది.

ఆ రోజు ఒక్క మంచి చేప పడితే కౌంటీ జట్టులో నాకు చోటు. ఆ జట్టు మగవాళ్ళు ఎర వేసే ‘గ్రీన్ పీటర్’ ఈక పురుగులు ఇన్నేళ్ళుగా కట్టేది నేనే. చిన్న గాలానికి పచ్చ ఉన్ని చుట్టి, కోడిపుంజు మెడ ఈక బిగించి, కళ్ళు మసకలు కమ్మేదాకా కడతాను. జట్టు పేర్లు చదివేటప్పుడు మాత్రం నేనెవరికీ గుర్తురాను.

అసలు పీటర్ పురుగు ఆగస్టులో నీటి అడుగు నుంచి పైకొచ్చి, వెంటనే ఎగరలేక అలల మీద పరుగులు పెడుతుంది. మనం కట్టిన ఈక పురుగునీ అలాగే పరుగెత్తించాలి. ట్రౌట్ చేప వెంటబడి నీళ్ళు చిమ్ముతుంది, కానీ అప్పటికింకా నోట పట్టదు. దాని బరువు చేతికి తెలిసేదాకా ఆగాలి. తొందరపడి గాలపు కర్ర ఎత్తామా, నోటి దగ్గర కూడు మనమే లాగేసినట్టు.

మొదటి చేప నీళ్ళు చిమ్మిందో లేదో, నా చెవి పక్కన గావుకేక.

"ఎత్తు బ్రైడీ, ఎత్తు!"

నా చెయ్యి దానంతటదే లేచింది. చేప పోయింది.

"ఆలస్యం చేశావు," అన్నాడు ఫింటన్ శాండ్‌విచ్ నములుతూ.

"నువ్వు నోరు మూసుకునుంటే పడేది."

"నీ మంచికే కదా పిల్లా చెప్పేది!"

యాభై దాటినదాన్ని, పిల్లనట! రెండో చేపా అలాగే పోయింది. ఏడుపొచ్చేంత కోపం వచ్చింది.

గడువు ముగియబోతుండగా రెల్లు దగ్గర పెద్ద అల ఒకటి లేచి నా పురుగు వెంటబడింది.

"ఎత్తు! ఎత్తవే!"

ఈసారి మొత్తంగా అతనివైపు తిరిగాను. "నోర్ముయ్ ఫింటన్! నీ గొంతులో గాలం దిగ!"

తిట్టడం పూర్తికాకముందే చెయ్యి బరువెక్కింది. కర్ర ఎత్తకుండా నేనటు తిరిగిన ఆ కాసేపట్లో చేప తీరిగ్గా పురుగును పట్టేసింది. ఫింటన్ వల అందుకోబోయాడు. ముట్టుకుంటే నీళ్ళలోకి తోసేస్తానన్నాను. నా చేప నేనే వలలోకి తీసుకున్నాను.

ఒడ్డుకు చేరామో లేదో అతను మొదలుపెట్టాడు. "నేను ఎత్తు ఎత్తు అని అరవబట్టి గానీ, లేకపోతే బ్రైడీకి చేప పడేదా?"

జట్టు నాయకుడు మాలకీ అతని వంక వింతగా చూశాడు. "పీటర్ వెనక నీళ్ళు చిమ్మగానే ఎత్తమన్నావా?"

"మరి! మూడుసార్లూ నేనే చెప్పా."

అందరూ పగలబడి నవ్వారు. "సరస్సులో ట్రౌట్లన్నీ నీకు దణ్ణం పెట్టుకోవాలి ఫింటన్!" అన్నారెవరో.

నాకు నవ్వు రాలేదు. నా రెండు చేపలు పోవడం వాళ్ళకి తమాషా అయింది. బాగా పట్టావని ఒక్కడూ అనలేదు.

"ఏదో నీ అదృష్టం బ్రైడీ, జట్టులోకొచ్చావు," అన్నాడు మాలకీ కన్ను కొడుతూ. "ఫింటన్‌నీ నీ పడవలోనే వేస్తాం, సరదాగా ఉంటుంది."

"అతనుంటే నేను రాను."

"నోరెత్తని మనిషిని ఈ ఐర్లండ్‌లో ఎక్కణ్ణుంచి తెమ్మంటావు?"

"నేను కట్టిన పురుగుల్ని నమ్ముతారు కదా, నా చేతిని నమ్మేవాణ్ణి ఒక్కణ్ణి వెతుకు. దొరక్కపోతే పురుగులు కూడా మీరే కట్టుకోండి."

మాలకీ నవ్వు ఆపేశాడు.

"నాతో కూర్చుంటావా?" అని అడిగాడు చివరికి.

"నోరు మూసుకునుంటే," అన్నాను.