లెక్కలోకి రాని కుందేళ్ళు

తెల్లారితే ఆ క్వార్టర్స్‌లో ఎవరి హడావుడి వాళ్ళది. కింది వాటాలో వాతావరణ శాస్త్రవేత్త భార్య వరండా మూల నిండిన బకెట్ తీసి ఖాళీ బకెట్ పెట్టేది. పైన కప్పు ఉన్నా సరే, ఆ మూల చాప వెడల్పున ఎప్పుడూ వాన పడుతూనే ఉంటుంది. ఏదో పరిశోధన వ్యాసంలో ఒక ఊరి వాన తన సిద్ధాంతానికి సరిపడలేదని ఆయన దాన్ని పక్కన పెట్టేశాడట. పక్కన పెట్టిన వాన ఆయన వెంట ఇంటికొచ్చేసింది. "పోనీలెండి, బట్టలు ఉతుక్కోవడానికి నీళ్ళ కరువు లేదు" అని ఆవిడ సరిపెట్టుకుంది.

ఎదురింట్లో నిద్ర మీద పరిశోధన చేసే ఆయనకి ఒక ముసలాయన తగులుకున్నాడు. మందు మింగినవాళ్ళందరూ హాయిగా నిద్రపోతే ఆ ఒక్కడికీ రెప్ప పడలేదు. ఆ మనిషి ఎక్కడో తన ఊళ్ళో, తన ఇంట్లో బాగానే ఉన్నాడు. లెక్కలోంచి తీసేసిన మనిషి మాత్రం ఇక్కడ హాల్లో కుర్చీలో కూర్చుని, పేపరు మొత్తం చదివేసి, మళ్ళీ మొదటి పేజీకి వచ్చి, కాఫీ ఎప్పుడిస్తారని అడుగుతుంటాడు.

ఆ పరిశోధన సంస్థలో ఇది అందరికీ తెలిసిందే. వ్యాసంలోంచి ఏది తీసేస్తే అది, వ్యాసం పంపిన సాయంత్రానికల్లా తీసేసినవాళ్ళ ఇంటికి వచ్చి కూర్చుంటుంది. క్వార్టర్స్‌లోకి కొత్తగా దిగినవాళ్ళకి కుళాయి నీళ్ళు ఎప్పుడొస్తాయో, చెత్తబండి ఎప్పుడొస్తుందో చెప్పినట్టే ఇదీ చెబుతారు. దానితోపాటు ఒక మర్యాద కూడా నేర్పుతారు. ఎవరింట్లో ఏం చూసినా అడగకూడదు. బకెట్ ఉంటే పక్కనుంచి నడవాలి, ముసలాయన ఉంటే పలకరించాలి, అంతే. ఇది గొప్ప సంస్కారమేమీ కాదు. ఈరోజు మనం అడిగితే రేపు వాళ్ళు మనింటికొచ్చి అడుగుతారన్న భయం.

పై వాటాలో ఉండే మందుల పరిశోధకురాలిని ల్యాబులో అందరూ మెత్తచెయ్యి మేడం అనేవారు. ఆవిడ సూది వేస్తే జంతువులు కూడా బెదిరేవి కావు. ఊపిరితిత్తులకి పట్టుకుని ఏ మందుకీ లొంగని మొండి జబ్బు ఒకటుంది. దానికి ఆవిడ ఏళ్ళ తరబడి కష్టపడి కొత్త మందు తయారుచేసింది. కుందేళ్ళలో అది అద్భుతంగా పనిచేసింది. చివరి రోజుల్లో ఎవరి చేతిలోంచో స్టీలు ట్రే జారి గచ్చు మీద ధనేల్మని పడింది. కుందేళ్ళన్నీ ఉలిక్కిపడి చెవులు నిక్కించాయి. రెండు మాత్రం తలెత్తకుండా ఆకులు నములుతూనే ఉన్నాయి. మేడం వాటి వెనక్కి వెళ్ళి చప్పట్లు కొట్టింది. తాళంచెవుల గుత్తి ఆడించింది. చెవి కదిలితే ఒట్టు.

మందు మొదలుపెట్టకముందు వాటి వినికిడి పరీక్షించి ఉండాల్సింది. పరీక్షించలేదు, అది ఆవిడ పొరపాటే. అయితే ఆ పొరపాటులోనే ఆవిడకి ఒక సందు దొరికింది. ముందు చూడలేదు కాబట్టి అవి పుట్టుకతోనే చెవిటివి కావచ్చు కదా. కావచ్చు, కాకపోనూవచ్చు. తేల్చుకోవాలంటే మళ్ళీ మొదట్నుంచీ చెయ్యాలి, ఇంకో రెండేళ్ళు. అవతల జనం దగ్గి దగ్గి పోతున్నారు, ఇవతల డైరెక్టరు గారు రోజూ ఫోను చేస్తున్నారు. ఆవిడ వ్యాసంలో ఆ రెండింటి ఊసే ఎత్తలేదు.

వ్యాసం పంపి ఇంటికొచ్చేసరికి గుమ్మం ముందు కాళ్ళు తుడుచుకునే పట్టా మీద రెండు తెల్ల కుందేళ్ళు కూర్చుని ఉన్నాయి. నిజానికి అంతకు ముందు వారమే ల్యాబులో వాటి కథ ముగిసింది. డ్రాయింగ్ మాస్టారైన భర్త తలుపు తీసి కిందికి చూశాడు.

"ఎన్ని?" అన్నాడు.

"రెండే."

"వంటింట్లో గోనెపట్టా వేస్తాను. అక్కడైతే వెచ్చగా ఉంటుంది."

ఇంకేమీ అడగలేదు. మొగుడూ పెళ్ళాల మధ్య కూడా ఈ మర్యాద అవసరమా అని ఆవిడకి చాలాసార్లు అనిపించింది. ఆయన అడిగితే బాగుండునని ఉండేది. అడగనందుకు బతికిపోయానని కూడా ఉండేది. కుక్కర్ కూత వేసినప్పుడల్లా ఆవిడ కళ్ళు వద్దన్నా ఆ చెవుల మీదికే పోయేవి. గులాబి రంగు లోపలి భాగంతో, పొడుగ్గా, నిలువుగా, ఏ అలికిడికీ తిరగని చెవులు. ఆవిడ సిగ్గుతో మొహం తిప్పుకుని గిన్నెలు తోముకునేది. ఆ మందుకి బహుమతి వచ్చిన రోజు జనం ఇంటికొచ్చి చేతులు కలుపుతుంటే, కుందేళ్ళు వాళ్ళ కాళ్ళ మధ్యనుంచి తిరిగాయి. వచ్చినవాళ్ళందరూ ఎంతో నేర్పుగా వాటిని దాటుకుంటూ నడిచారు.

ఇదిలా ఉండగా ఆడపడుచు దిగింది. ఆమె మాస్టారి చెల్లెలు, పియానోలు శ్రుతి చేయడం ఆమె వృత్తి. స్కూళ్ళకీ, హాళ్ళకీ, ఇళ్ళకీ తిరిగి తీగలు సరిచేస్తుంది. కొంతకాలంగా విడవని దగ్గు. పరీక్షలు చేస్తే ఆ మొండి జబ్బే అని తేలింది. ఆసుపత్రికి దగ్గరని అన్నయ్య ఇంటికొచ్చింది. ఊరికే కూర్చుంటే తోచదని ఎవరిదో పాత పియానో బాగుచేయడానికి ఒప్పుకుని, నలుగురి చేత మెట్లెక్కించి హాల్లో పెట్టించుకుంది.

ఇక చూడండి. పియానో మీద ఒకే మీట టంగు టంగుమని పొద్దస్తమానం కొట్టడం, చెవి ఆనించి వినడం, తీగ బిగించడం, మళ్ళీ కొట్టడం. మాస్టారు బొమ్మలు వేసుకోవడానికి మేడ మీదికి పారిపోయాడు. ఎదురింటి ముసలాయనకి నిద్ర ఎలాగూ పట్టదు కాబట్టి ఆయనకి ఏ బాధా లేదు. కుందేళ్ళు మాత్రం పియానో మూత మీదెక్కి హాయిగా పడుకునేవి.

"వదినా, ఇవెంత బుద్ధిమంతులో చూడు" అంది ఆడపడుచు ఒకరోజు, వాటి వీపు నిమురుతూ. "నేను పని మొదలుపెడితే ఏ ఇంట్లోనైనా పిల్లి, కుక్క అన్నీ పరారే. ఇవి నా మీద ఎంత ప్రేమో, కదలవు. వెళ్ళేటప్పుడు నాకిచ్చెయ్యి."

మేడం "చూద్దాంలే" అని లోపలికి వెళ్ళి, చేయడానికి పనేమీ లేక, కడిగిన గ్లాసులే మళ్ళీ కడిగింది.

ఆ వారంలోనే ఆడపడుచు ఆసుపత్రి నుంచి మొహం వెలిగిపోతూ వచ్చింది. "నీ మందు మనుషుల మీద పరీక్షిస్తున్నారటగా, చెప్పవేం? నన్ను చేర్చుకుంటామన్నారు. ఎల్లుండి మొదటి సూది."

"పాత మందే వాడరాదూ?" అంది మేడం.

"అది ఏడాదిన్నర వాడాలట, పైగా రోజూ వాంతులు. ఇదైతే కొద్ది నెలల్లో అయిపోతుంది. అయినా ఇంట్లో నిన్ను పెట్టుకుని పాత మందెందుకు? ఏం, నీ మందు మీద నీకే నమ్మకం లేదా?"

"అది కాదు..." అంది మేడం. కుందేళ్ళవైపు చూస్తే దొరికిపోతానేమోనని కిటికీ వైపు చూసింది. ఆడపడుచు నవ్వి, వదినకి దిష్టి భయం పట్టుకుందని అన్నయ్యతో చెప్పి ఆటపట్టించింది. ఇంటిల్లిపాదికీ తనంటే ఉన్న గౌరవం ఆ నవ్వులో వినపడి మేడంకి చచ్చిపోవాలనిపించింది.

చెప్పెయ్యచ్చు. దానికి బదులు ఇంకో దారి తోచింది. మర్నాడు ల్యాబు నుంచి, ఆ పరీక్ష నడిపే ఊపిరితిత్తుల డాక్టరుకి ఫోను చేసింది. "ఆ అమ్మాయి నా ఆడపడుచు అండీ. మందు చేసినవాళ్ళ బంధువు పరీక్షలో ఉంటే రేపు ఎవరైనా వేలెత్తి చూపిస్తారేమో" అంది.

"భలేవారే, ముందే చెప్పారు, సంతోషం" అన్నాడు డాక్టరు. "తీసేస్తాను. ఆ చోటు కోసం ఇంకొకరు కాచుకుని ఉన్నారు లెండి. ఇబ్బంది లేదు."

ఇంకొకరు అన్న మాట ఆవిడకి స్పష్టంగానే వినపడింది. వినపడనట్టే థాంక్సు చెప్పి ఫోను పెట్టేసింది. తన చెవులేమీ చెడిపోలేదు, ఆ మాట తనకి తానే చెప్పుకుని ఆవిడ ఇంకా సిగ్గుపడింది. తనవాళ్ళ చెవులు దక్కించుకున్నాను, పరాయివాళ్ళ చెవులు ఎలా పోతే నాకేం, ఇదీ నేను చేసిన పని, అనుకుంది. అయినా మళ్ళీ ఫోను తియ్యలేదు.

ఆ మర్నాడు, సూది వేసే రోజు పొద్దున, వంటింట్లో గోనెపట్టా ఖాళీగా ఉంది. ఇల్లంతా వెతికినా కుందేళ్ళు లేవు. ఆడపడుచు తన పేరు తీసేశారని అలిగి ముభావంగా ఉంది. పాత మందు రాయించుకోవాలి, ఎక్స్‌రేలు తెచ్చుకోవాలి. తోడు రమ్మంటే మేడం కాదనలేక వెళ్ళింది.

వార్డులో అడుగుపెడుతూనే కుందేళ్ళు కనపడ్డాయి. కిటికీ పక్క మంచం మీద, ఒక మనిషి కాళ్ళ దగ్గర, రెండూ ఒద్దికగా కూర్చుని ఉన్నాయి. వార్డులో అందరూ వాటిని చూశారు. మందులు చేసేవాళ్ళు తరచూ వచ్చిపోయే చోటు కాబట్టి ఆ మర్యాద అక్కడా పాకింది. నర్సు దుప్పటి సర్దుతూ వాటి చుట్టూ సర్దింది. డాక్టరు ఒక్కసారి చూసి, కళ్ళజోడు సవరించుకుని, చేతిలోని కాగితం మీదికి చూపు దించుకున్నాడు. ఆయనింట్లో ఏముందో ఆయనకే తెలియాలి.

ఆ మంచం మీది మనిషి పేముతో కుర్చీలు అల్లే ఆయన. పుట్టుగుడ్డి. చేతికర్ర ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. చదువుకోలేడు కాబట్టి అంగీకార పత్రం డాక్టరే పైకి చదివి వినిపిస్తున్నాడు. మేడం గుమ్మంలోనే ఆగిపోయింది.

"జంతువుల మీద జరిపిన పరీక్షల్లో వినికిడికి ఎలాంటి హానీ కనిపించలేదు" అని చదివాడు డాక్టరు.

"ఆ ముక్క ఇంకోసారి చదవండి సార్" అన్నాడు అల్లికాయన. "కళ్ళు ఎలాగూ లేవు. రోడ్డు దాటాలన్నా, మా ఆవిడ కోపంగా ఉందో లేదో తెలియాలన్నా చెవులే నాకు దిక్కు."

డాక్టరు ఇంకోసారి చదివాడు. అది మేడం వ్యాసంలోని వాక్యమే, అక్షరం మారలేదు. ఒంటరిగా కూర్చుని రాసినప్పుడు చిన్నదిగా ఉన్న ఆ వాక్యం ఆ మనిషికి వినిపిస్తుంటే ఆవిడ తల భూమిలోకి దిగిపోయింది.

"అయితే మంచిది" అని అల్లికాయన వేలిముద్ర వేసి, చొక్కా చెయ్యి పైకి మడిచాడు. నర్సు సూది అందుకుంది. అప్పుడు ఒక కుందేలు లేచి ఆయన ఒళ్ళోకి ఎక్కింది. ఆయన చేత్తో తడిమాడు. వీపు, మెడ, పొడుగాటి చెవులు.

"ఇదేంటి, కుందేలా?" అన్నాడు. కాళ్ళ దగ్గర రెండోది కూడా చేతికి తగిలింది. "ఎవరివమ్మా ఇవి?"

వార్డంతా బిగుసుకుపోయింది. అలా పైకి అడిగినవాళ్ళు ఆ చుట్టుపక్కల ఇంతకుముందు ఎవరూ లేరు. చూసీ చూడనట్టు పోవడం ఆయనకి చేతకాదు. తగిలింది కాబట్టి అడిగాడు. నర్సు కిటికీలోంచి బయటికి చూసింది. డాక్టరు కాగితాలు తిప్పాడు.

"నావి" అంది మేడం.

"మీవా అమ్మా? భలే ఉన్నాయి. ఇందాకట్నుంచీ ఇంత దగ్గుతున్నాను, బెదరకుండా ఉన్నాయే."

"వాటికి వినపడదు."

"అయ్యో పాపం" అన్నాడాయన. "పుట్టుకతోనేనా?"

తను ఇన్నాళ్ళూ పట్టుకు వేలాడిన మాట అదే. ఆయనే జాలిపడి చేతికందించాడు. అవునంటే చాలు, అందరూ ఊపిరి పీల్చుకుంటారు. మేడం మంచం దగ్గరికి వెళ్ళింది.

"తెలీదండీ. ముందు నేను చూడలేదు. మీకిప్పుడు ఇవ్వబోతున్న మందు ఇచ్చాక మాత్రం వాటికి వినపడలేదు. ఆ సంగతి నేను దాచేశాను. ఇందాక మీకు చదివిన మాట నేను రాసిందే, అది అబద్ధం."

ఆడపడుచు అప్పటిదాకా వదిన భుజం మీద ఉంచిన చెయ్యి మెల్లగా తీసేసింది.

"అందుకా నా పేరు తీయించావు?" అంది.

"అవును."

"నన్ను తప్పించి, ఈయన్ని ఇక్కడ కూర్చోబెట్టావా వదినా?"

మేడం సిగ్గుతో ఒళ్ళంతా మండిపోతుంటే అక్కడే నిలబడింది, పారిపోకుండా ఉండటమొక్కటే ఆవిడకి చేతనయింది. అల్లికాయన ఒక చెయ్యి కుందేలు చెవి మీదే ఉంది. రెండో చేత్తో మడిచిన చొక్కా చెయ్యిని మడత మడతగా కిందికి దించుకున్నాడు. ఒంటిచేత్తో బొత్తాం పడక తడబడుతుంటే నర్సు సూది ట్రేలో పెట్టేసి, వంగి, ఆ బొత్తాం పెట్టింది.