మూడు వందలకీ ఆరు వందలకీ మధ్య

ఆల్తియా మోకాళ్ల కింద పాత దిండు వేసుకుని, పొయ్యిలో బూడిద పక్కకు నెట్టి, నిప్పుల్ని చిన్న పారతో ముందుకు లాగుతోంది. వెనక బల్ల దగ్గర అట్లు తింటున్న భర్త రాయిస్ అన్నాడు.

"ఏమోయ్, పొయ్యి గురించి ఓ నాలుగు ముక్కలు చెప్పు. రాసుకుంటా."

ఆ మధ్యాహ్నమే ఊరి సభ. పొగగొట్టాలు తుడిచే మనిషి పోయిన నెల వచ్చి, వీళ్ల గొట్టంలో తల దూర్చి చూసి, ఈ కొండ మీద ఇంత శుభ్రమైన గొట్టం ఇంకోటి లేదని ఊరంతా చెప్పాడు. దాంతో అగ్నిమాపక దళం పెద్ద వెండెల్, చలికాలం ముదిరేలోగా జనానికి జాగ్రత్తలు చెప్పమని రాయిస్‌ని అడిగాడు. పది రోజులుగా రాయిస్ మెడ కాస్త నిటారుగానే ఉంది.

ఆమె చెయ్యి ఆపకుండా చెప్పింది. అతను మేపుల్ పాకం అంటిన వేళ్లతో ఓ కవరు వెనక రాసుకున్నాడు.

పద్దెనిమిదేళ్ల కిందట, ఇల్లు వెచ్చబెట్టాల్సిన పాత రాతి పొయ్యి వేడంతా ఆకాశానికే పోతోందని, దాని నోట్లో సరిగ్గా పట్టే ఈ ఇనుప పొయ్యి తెచ్చి బిగించాడతను. ఆ రోజు నుంచి అతనికది 'నా పొయ్యి'. కట్టెలు అతనే కొట్టేవాడు, అతనే పేర్చేవాడు. ఆ కష్టం కాదనడానికి లేదు. ఆ తర్వాతి పనికే పేరు లేదు. అప్పట్లో కింది గదిలో ఉండే అత్తగారు వెర్నా అనేది, "మావాడు రెక్కలు ముక్కలు చేసుకుంటున్నాడు, నీకేముంది, ఊరికే చూస్తుండటమేగా" అని. ఊరికే చూడటం. పొయ్యి తలుపు పైన అంటించిన, వేడి ఎంతుందో చూపించే ముల్లు మూడు వందల డిగ్రీలకి దిగితే పొగ గొట్టంలోనే చల్లబడి తారులా పేరుకుంటుంది, ఎప్పుడో ఒకనాడు అదే అంటుకుంటుంది. ఆరు వందలు దాటితే ఇనుమే వంకర్లు పోతుంది. ఏటా చలి మొదలైనప్పటి నుంచి ఏప్రిల్ దాకా, ఆ రెంటి మధ్యా ముల్లుని నిలపడానికి కూర కలుపుతూ ఓ చూపు, ఫోన్ మాట్లాడుతూ ఓ చూపు, లోపలికి గాలి వదిలే మీట ఓ వేలెడు ఇటు, అరవేలెడు అటు. వెర్నా మీద ఆమెకి కోపం ఉండేది కాదు. ఆఖరి చలికాలంలో "ఆల్తియా, ఇంట్లోనే ఉన్నావా" అని పిలిచిందంటే పాదాలు జివ్వుమంటున్నాయని అర్థం. ఆ పాదాల్ని ఒళ్లో పెట్టుకుని గంటలకొద్దీ కూర్చుంది. 'ఊరికే చూస్తుండటమేగా' అన్న ఆ మాట మాత్రం ఎక్కడో ముల్లులా ఉండిపోయింది.

సభకి నలభై మంది దాకా వచ్చారు. రాయిస్ కవరు చూసి బాగానే చదివాడు. ఆమె మాటలు అతని గొంతులో గంభీరంగా వినిపించాయి. తన చీటీ ఇంకొకరు చదువుతున్నట్టు అనిపించి నవ్వొచ్చింది, ఆ వెంటనే నవ్వు పోయింది.

వెనక వరసలోంచి ఓ అమ్మాయి లేచింది. టామ్సిన్, వేసవిలో వాగు పక్క ఇంట్లో దిగింది. చంకలో ఆర్నెల్ల పాప.

"మా పొయ్యి కూడా ఇలాంటిదేనండి. కట్టె సుయ్యిమంటుంది, తలుపు అద్దం నల్లబడిపోతుంది. ముల్లు రెండు వందలు దాటదు. పాప పడుకునే గది దానికి ఆనుకునే ఉంది. ఏం చెయ్యమంటారు?"

ఇది కవరు మీద లేదు. రాయిస్ గొంతు సవరించుకున్నాడు. "ఏం భయం లేదమ్మా. నిండా కట్టెలు పేర్చి గాలి మూసెయ్. నేను రోజూ పడుకోబోయే ముందు అదే చేస్తా. నింపాదిగా తెల్లారేదాకా కాలుతుంది."

టామ్సిన్ తలూపి కూర్చోబోయింది. ఆల్తియా చేతిలో కాఫీ కప్పు ఆగిపోయింది. నలుగురిలో మొగుడి మాట కాదనడం ఆమెకి ఎప్పుడూ అలవాటు లేదు. ఇంటికెళ్లాక ఫోన్ చేసి చెప్పొచ్చనుకుంది. కానీ ఈలోపే ఆ పిల్ల పొయ్యి రాజేస్తే? పాప గది గోడ తలుచుకునేసరికి కాళ్లు వాటంతట అవే లేచాయి.

"అలా చెయ్యకమ్మా. నీ కట్టె పచ్చిది. పచ్చికట్టెకి గాలి మూస్తే గొట్టం నిండా తారు పడుతుంది. ఇప్పటికే పట్టి ఉంటుంది. తుడిపించేదాకా అసలు వెలిగించొద్దు. రెండ్రోజులు పాపని తీసుకుని మా ఇంటికి రా. ఎండుకట్టెలు మావి ఇస్తాం."

హాలంతా ఆమె వైపు తిరిగింది. రాయిస్ కవరు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"మరి మనింట్లో నేను రోజూ మూస్తున్నాగా" అన్నాడు, సభలో ఉన్నామని మర్చిపోయినవాడిలా.

"నువ్వు పడుకున్నాక నేను తెరుస్తున్నాను రాయిస్. పద్దెనిమిదేళ్లుగా."

ముందు వెండెల్ నవ్వాడు, తర్వాత అందరూ. రాయిస్ నవ్వలేదు. కవరుని రెండుగా మడిచి జేబులో పెట్టుకుని, పక్క కుర్చీ లాగి, "ఇటొచ్చి నువ్వే చెప్పు, నేను వింటా" అన్నాడు.

ఆమె గంటసేపు చెప్పింది. చివర్లో వెండెల్ వచ్చి, ఈ ఏడు కొత్తగా పొయ్యిలు పెట్టుకున్న పదకొండు ఇళ్లకీ వెళ్లి చూసి రాగలవా అని అడిగాడు. సరేనంది. రాయిస్ వైపు చూడకుండానే అంది.

ఇంటికి వచ్చేటప్పుడు బండిలో అతనే నెమ్మదిగా అన్నాడు, "మరి నువ్వు ఊరి మీద పడితే మన పొయ్యో?"

"నేర్పిస్తా పద."

ఇంటికెళ్లాక అతను పొయ్యి ముందు చతికిలపడ్డాడు. కట్టె పెట్టి, తొందరపడి తలుపు మూశాడు. మంట బిక్కచచ్చింది. లేచి వెళ్లి తనే సర్దాలనిపించింది ఆమెకి. కుర్చీలోంచి కదలకుండా, చేతులు రెండూ తొడల కింద పెట్టుకుంది.

"తలుపు ఓ వేలెడు తెరిచి ఉంచు. మీట ముట్టుకోకు. ముల్లు చూడు."

అతను తెరిచాడు. మంట తేరుకుంది. పెద్ద శరీరం ముడుచుకుని, ముక్కు అద్దానికి తగిలేలా వంగి కూర్చున్న మనిషిని చూస్తే ఆమెకి ముద్దొచ్చింది.

"నూట తొంభై" అన్నాడు. కాసేపటికి, "రెండొందల పది. ఆల్తియా, ఎంతసేపని ఇలా చూస్తూ కూర్చోవాలి?"

"ఏప్రిల్ దాకా" అంది.