తువ్వాలు కింద ధర

మా యార్డులో మిర్చి ధర నోటితో చెప్పరు. దళారి చేతి మీద తువ్వాలు కప్పుకుని నిలబడితే, వ్యాపారులు ఒక్కొక్కరే దాని కింద చెయ్యి పెట్టి అతని వేళ్ళు నొక్కుతారు. క్వింటాలుకి పది వేల పైన ఎన్ని వేళ్ళు నొక్కితే అన్ని వందలు. అందరిలోకీ పై ధర ఏదో దళారి పైకి చెప్పాలి. చెప్పాక దేవుడు దిగొచ్చినా మారదు. ఈ దళారి పని మా తాత చేశాడు, మా నాన్న చేశాడు. రాజులు పోయారు, పర్మిట్లు వచ్చాయి, పర్మిట్లూ పోయాయి. తువ్వాలు మాత్రం పోలేదు. ముప్పై ఆరేళ్ళుగా నేనూ ఆ మిర్చి ఘాటుకి దగ్గుతూ చేస్తున్నాను.

ఏడాదిగా షుగరు వల్ల వేళ్ళకి స్పర్శ తగ్గింది. ఆ సంగతి మా ఆవిడకొక్కదానికే తెలుసు. "కాలే గిన్నె పట్టుకుని కూడా కిమ్మనని మనిషివి, ఇంకా ఆ గుడ్డ కింద ఏం తడుముతావయ్యా? మానెయ్," అంటుంది. మానేస్తే తినేదేమిటి? ఈ వయసులో నాకింకో పని రాదు. యార్డుకి తెలిస్తే ఆ రోజుతో నాకు నీళ్ళు వదిలేస్తారు.

మొన్న మంగళవారం ఒక పెద్దావిడ పన్నెండు బస్తాలు తెచ్చింది. ఆఖరున నత్త షావుకారు చెయ్యి పెట్టాడు. నడక నత్తదే గాని, మాటంటే మాటే. మాది ఇరవై ఏళ్ళ స్నేహం. నొక్కింది మూడో నాలుగో తెలియలేదు. ఇంకోసారి నొక్కమంటే గుట్టు రట్టవుతుంది.

"పది వేల నాలుగొందలు, షావుకారుకి!" అనేశాను.

షావుకారు నా మొహంలోకి చూశాడు. నొక్కింది మూడేనని అర్థమైంది.

"ఈ సరుక్కి నాలుగా? నువ్వేనా నొక్కింది?" అన్నాడు పక్క వ్యాపారి.

"నాలుగే. ఏం, కడుపుమంటా?" అన్నాడు షావుకారు. అందరూ నవ్వారు. పెద్దావిడ మా ఇద్దరికీ దణ్ణం పెట్టింది. సిగ్గుతో చచ్చిపోయాను.

సాయంత్రం టీ కొట్టు దగ్గర తేడా నేను కడతానంటే, "ఊరుకోవయ్యా," అన్నాడు. ఎన్నాళ్ళనుంచి ఇలా అని అడగలేదు.

మర్నాడు మొదట అతనే వచ్చాడు. తువ్వాలు కింద చెయ్యి పెట్టి, ఎవరికీ వినబడకుండా నా చెవి దగ్గరికి వంగి, చిన్నపిల్లాడికి పాఠం అందించినట్టు "రెండు" అన్నాడు.

అతని వెనక ఇంకా ఆరుగురు వ్యాపారులున్నారు. వాళ్ళెవరూ చెవిలో చెప్పరు. నేను మళ్ళీ నోటికొచ్చింది అనెయ్యాలి, దానికి ఎవడో ఒకడు నష్టపోవాలి.

"షావుకారూ, నా వేళ్ళకి తెలియడం లేదు," అన్నాను, ఆరుగురికీ వినబడేలా.