కోసంగూడ హాల్టు చరిత్ర, పది వాక్యాల్లో

కోసంగూడ హాల్టుకు ఒక చరిత్ర ఉంటుందని ఇన్నేళ్ళూ ఎవరికీ తోచలేదు. జగదల్‌పూర్ దాటి బచేలి వైపు పోయే లైన్లో, వంపు మీద, ఒక రేకుల గది, ఒక బోరింగు, ఒక సిమెంటు బల్ల. ఇనుపరాయి మోసే గూడ్సులు దాని మొహం కూడా చూడకుండా పోతాయి. రోజుకొక పాసింజరు మాత్రం ఒక్క నిమిషం ఆగుతుంది. ఇప్పుడు పక్కనే విమానాశ్రయం పెద్దదైంది, రెండో లైను పడింది, హాల్టును పక్కా స్టేషను చేసి విమానం దిగినవాళ్ళను ఇక్కడ రైలెక్కిస్తారట. ఇల్లు పెద్దదైతే వంశవృక్షం కావాలి కదా! కొత్త గోడ మీద రాయించడానికి స్టేషను చరిత్ర పది వాక్యాల్లో రాసిమ్మని ఒక ఇంజనీరు వచ్చి ధర్మయ్యకు చెప్పి వెళ్ళాడు.

అడగాల్సిన మనిషినే అడిగాడు. ధర్మయ్య ఇరవై అయిదేళ్ళుగా ఇక్కడ హాల్టు ఏజెంటు. అంటే రైల్వే నౌకరీ కాదు, కమీషను మీద టికెట్లు అమ్మే పని. తెలుగు నేల అంచునున్న కోంటాలో అన్నదమ్ములందరికీ ఒకే కొట్టు చాలక భార్య మంగాదేవితో ఇటొచ్చి, హాల్టు పక్కనే కిరాణా పెట్టుకున్నాడు. ఆయనకు రాత వస్తే తెలుగే వచ్చు, గోడకేమో హిందీ కావాలి. అందుకని బచేలి బడిలో పాఠాలు చెప్పే కూతురు దుర్గాభవాని ఆదివారం పూట వచ్చి కాగితం ముందేసుకుని కూర్చుంది.

“చెప్పు నాయినా. హాల్టు ఎప్పుడు పెట్టిండ్రు?”

“ఎనభై రెండుల. అప్పుడు గది లేదు. చెట్టు కింద పెట్టె ఏసుకొని టికెట్లమ్మేటోళ్ళు.”

రేకుల గది ఎప్పుడేశారో చెప్పాడు, బోరింగు ఎప్పుడు దింపారో చెప్పాడు. పక్కవాడి కొట్లో సరుకుల ధరలు చదివినట్టు చెప్పాడు. పద్నాలుగేళ్ళుగా ఆయన వరసే అది. పండగొచ్చినా జ్వరమొచ్చినా ఒకటే మొహం. టీలో పంచదార లేకపోయినా తాగేస్తాడు. భార్య పోయినా ధైర్యంగా నిలబడ్డాడని కొందరన్నారు, మనిషి మొద్దుబారిపోయాడని కొందరన్నారు. రెండోవాళ్ళు చెప్పిందే నిజం.

“ప్లాట్‌ఫాం ఎత్తు ఎప్పుడు పెంచిండ్రు?”

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ధర్మయ్య ఆ మాటకు లేచి నిలబడ్డాడు, మళ్ళీ కూర్చున్నాడు. “రెండువేల పదకొండు.”

“అమ్మ పోయిన ఏడాదే గదా.” దుర్గాభవాని పెన్ను ఆపింది. “ఊరివాళ్ళు అడిగితే పెంచిండ్రని రాస్తా. అమ్మ తొందరపాటు సంగతి గోడ మీద ఎందుకు?”

మంగాదేవి కదిలే బండిలోంచి దూకి పట్టాల మీద పడిందనేది లోకానికి తెలిసిన కథ. చెప్పింది ధర్మయ్యే. ఆ రోజు విచారణకొచ్చిన రైల్వే అధికారి “కదిలే బండి దిగిందా?” అని ఒకే ముక్క అడిగాడు. కాదంటే తన చెయ్యి చేసిన పని చెప్పాలి. అవునన్నాడు. కాగితం మీద సంతకం పెట్టాడు. మర్నాడు హాస్టలు నుంచి పరుగెత్తుకొచ్చిన కూతురికీ అదే చెప్పాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఆ తర్వాత ప్లాట్‌ఫాం ఎత్తు పెంచారు. అబద్ధం మాత్రం అక్కడే ఉండిపోయింది. ఇప్పుడు దాన్ని కప్పడానికి ఇంకో అబద్ధం హిందీలో గోడెక్కబోతోంది.

“అట్ల రాయకు భవానీ.”

“మరెట్ల రాయాలె?”

“మీ అమ్మ దూకలే. నేను చెయ్యి ఊపిన.”

“ఏంది నాయినా?”

ధర్మయ్య చెప్పాడు. అప్పట్లో ప్లాట్‌ఫాం అంటే ఉత్త నేలే. రైలు పెట్టె మెట్టు నడుమెత్తున ఉండేది. నెత్తి మీద తట్టతో దిగడం ఆడవాళ్ళ వల్ల అయ్యేది కాదు. అందుకని జగదల్‌పూర్ సంత నుంచి వచ్చేవాళ్ళంతా ముందు ఒట్టి చేతులతో దిగేవాళ్ళు, ఒకరు తలుపు దగ్గర నిలబడి తట్టలన్నీ కిందికి అందించేవాళ్ళు. ఆ ఒక్కరూ ఎప్పుడూ మంగాదేవే. అందరివీ అయ్యాక తన కొట్టు సామాను తట్ట చంకనెత్తుకుని ఆఖర్న దిగేది. వంపు వల్ల గార్డుకు ముందు పెట్టెలు కనబడవు. ధర్మయ్య నడుమ నిలబడి చెయ్యి ఊపితేనే ఈల వేసేవాడు. ఏళ్ళ తరబడి ధర్మయ్య మనుషుల మొహాలు చూసింది లేదు. తన ఇంటి తట్ట నేల మీద కనబడితే ఊపేసేవాడు. తట్ట దిగితే మనిషి దిగినట్టే.

“ఆ దినం అమ్మకు మణికట్టు బెణికింది. మన తట్ట హుంగే చేతికిచ్చింది. హుంగే దాన్ని కింద పెట్టింది. నేను తట్టను జూసి ఊపిన. మీ అమ్మ కాలు మెట్టు మీదనే ఉంది.”

హుంగే కోసంగూడ ఆడమనిషి. ఆ రోజు నుంచి రైలెక్కడం మానేసింది, ఎంత ఎండయినా సంతకు నడిచే పోతుంది. ఆమె ఎవరితోనూ ఏమీ అనలేదు, ధర్మయ్యా ఆమెతో ఏమీ అనలేదు.

దుర్గాభవాని పెన్నుకు మూత పెట్టింది.

“హాస్టలు నుంచి వచ్చి నేను మొదలు అడిగింది నిన్నే.”

“ఆ.”

“దూకిందన్నవు.”

“అన్న.”

“అమ్మ మీద కోపం తోటే దినాలకు కూసున్న నాయినా. ఒక్క నిమిషం ఆగితే నాకు తల్లి ఉండేది గదా అని తిట్టుకుంట కూసున్న. నిన్న కల్యాణి మెట్ల మీదకెళ్ళి దూకితే, అమ్మమ్మ లెక్క చస్తవే అని రెండు తగిలిచ్చిన.” ఆమెకు ఒళ్ళంతా కోపం వచ్చింది. దాన్ని ఎవరి మీద చూపాలో ఇన్నాళ్ళకు సరిగ్గా తెలిసింది. కానీ అరవలేదు. ఫోను తీసి బచేలిలో ఉన్న పదకొండేళ్ళ కూతురికి చేసి, స్పీకరు పెట్టింది.

“కల్యాణీ, నిన్న అమ్మమ్మ గురించి నీకొక మాటన్న. అది అబద్ధం. అమ్మమ్మ దూకలేదు.”

“మరెట్ల పడింది?”

దుర్గాభవాని ఫోను తండ్రి ముందుకు చాపింది. “దానికీ నువ్వే చెప్పు.”

ధర్మయ్య తీసుకున్నాడు. గొంతు ఎప్పటిలాగే పొడిగా ఉంది. “బిడ్డా, మీ అమ్మమ్మ ఇంకా దిగుతనే ఉండె. నేను సరిగ్గ జూడక బండి పొమ్మన్న.”

 పెద్దవాళ్ళయితే అక్కడితో ఆగేవాళ్ళు. పిల్ల ఆగలేదు.

“అమ్మమ్మ అరిచిందా తాతయ్యా?”

ఆ సంగతి విచారణలో అడగలేదు, ఊరు అడగలేదు, కన్నకూతురూ అడగలేదు.

“అరిచింది.”

“ఏమని?”

“మొగుని పేరు నోటితోటి పలికే మనిషి కాదు మీ అమ్మమ్మ. ఏమయ్యో అంటది, భవానీ వాళ్ళ నాయినా అంటది...” అన్నాడు ధర్మయ్య. “ధర్మయ్యా అని అరిచింది బిడ్డా. పెండ్లయినంక అదొక్కటే సారి.”

అని, ఫోను చెవి దగ్గరే పెట్టుకుని భోరున ఏడ్చాడు. దుర్గాభవాని ఆయన్ని ఊరుకోమనలేదు.