రెండో అరగంట

"యోగా అయితే వెళ్ళు. ఆ రెండోదానికి మాత్రం వద్దు" అన్నాడు మా ఆయన, చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ.

ఇస్త్రీపెట్టె నా చేతిలో ఉంది. ఆయన రెండో చొక్కా, పాప స్కూలు బట్టలు, నా లేబు కోటు వరసలో ఉన్నాయి. నా కోటుది ఎప్పుడూ ఆఖరి వంతే. ఒక్కోరోజు దాని వంతు రాకుండానే బస్సు వేళయిపోతుంది, ముడతల కోటుతోనే వెళ్తాను. ఆ రెండోది అంటే బెల్లీ డాన్సు. ఆ మాట పలకడానికి ఆయనకి మొహమాటం. ఆఫీసులో బల్ల గుద్ది మాట్లాడతాడట, పొట్ట దగ్గరికొచ్చేసరికి గొంతులో ఏదో అడ్డం పడుతుంది. అదే నా పొట్ట గురించి అయితే ధారాళంగా వస్తుంది. "కాస్త లోపలికి పెట్టు, ఫొటో తీస్తున్నారు." "ఆ డ్రెస్సు వద్దులే, పొట్ట తెలుస్తోంది." వీటిలో ఒక్కటీ కోపంగా అన్నది కాదు. కోపంగా అని ఉంటే ఏనాడో తిరగబడేదాన్ని. ప్రేమగా అంటాడు, అందుకే లోపలికి పెట్టుకుంటూ వచ్చాను.

ఈ క్లాసు సంగతి మా లేబులో మొదలైంది. నా పని రక్తం తీయడం. పొద్దున్నే పరగడుపున వచ్చి కూర్చున్న వాళ్ళందరికీ ఒకటే పాట పాడతాను: చెయ్యి వదులుగా పెట్టండి, ఊపిరి బిగపట్టకండి, అయిపోయింది. మగ టెక్నీషియన్లు ఇద్దరున్నారు. వాళ్ళు సూది గుచ్చితే చాలు. నేను సూదీ గుచ్చాలి, నవ్వనూ నవ్వాలి. "మీ మొహం చూస్తేనే పేషెంట్లకి ధైర్యం" అంటాడు మేనేజరు. ఆ ధైర్యానికి జీతంలో విడిగా ఏమీ లేదు, మధ్యాహ్నం కాఫీలు కలిపే డ్యూటీ మాత్రం ఉంది. ఒకరోజు నెరిసిన జుట్టు పొట్టిగా కత్తిరించుకున్న ఒకావిడ వచ్చి కూర్చుంది. నా పాట పాడాను. ఆవిడ చెయ్యి వదులు చేసి, "మీరు కూడా వదలండి" అంది.

"ఏమిటి?"

"ఊపిరి. నేను వచ్చినప్పట్నుంచీ బిగపట్టే ఉన్నారు."

ఆవిడే మా టీచరమ్మ. ఫర్నిచరు షాపు మేడ మీద హాల్లో ఆదివారం పొద్దున ఆడవాళ్ళకి గంట క్లాసు. మొదటి అరగంట యోగా, రెండో అరగంట బెల్లీ డాన్సు. ఈ రెండూ ఎలా కలుస్తాయని అడిగితే, "ఒళ్ళు ఒకటేగా" అంది. ఇంట్లో చెప్పాను. అత్తయ్య, "పొట్ట ఊపితే ఆరోగ్యం వస్తుందా, ఎక్కడి చోద్యం!" అంది. మా ఆయన ఆలోచించి, ఎంతో న్యాయంగా, సగం అనుమతి ఇచ్చాడు.

నాకు ఆ రెండో సగమే కావాలని అప్పటికి నాకూ తెలీదు. పాప పుట్టినప్పుడు ఆపరేషనైంది. అప్పట్నుంచి బొడ్డు కింద అరచెయ్యి మేర స్పర్శ లేదు. నొప్పి ఉందా అంటే లేదు, ఉంటే ఎవరికైనా చెప్పుకోవచ్చు. ఏమీ లేకపోవడాన్ని ఏమని చెప్పుకోను? స్నానం చేసేటప్పుడు అక్కడ సబ్బు రుద్దితే ఎవరికో రుద్దుతున్నట్టుంటుంది. డాక్టరు "కొందరికి అలాగే ఉంటుంది, పట్టించుకోకండి" అన్నాడు. మంచి పేషెంటుని కదా, పట్టించుకోలేదు. అద్దం ముందు కూడా మెడ దాకా చూసుకుని వెళ్ళిపోవడం అలవాటైంది.

మొదటి ఆదివారం వెల్లకిలా పడుకోబెట్టి, పొట్ట మీద చెయ్యి పెట్టుకోమంది టీచరమ్మ. "ఇప్పుడు పొట్టని వదిలెయ్యండి." అందరివీ పొంగి పడుతున్నాయి. నాది కదలడం లేదు. వదలకూడదని కాదు, ఎలా వదలాలో మర్చిపోయాను. పక్క చాప మీద బస్సు కండక్టరమ్మ ఉంది, నేను రోజూ ఎక్కే బస్సే. "ఏమ్మా, స్టాపింగు వచ్చినా దిగవా?" అని నా చెవిలో గొణిగింది. కిసుక్కున నవ్వాను. ఆ నవ్వుకి పొట్ట కాస్త జారింది.

అరగంట కాగానే చాప చుట్టుకుని లేచేదాన్ని. మెట్లు దిగుతుంటే వెనక డోలు మొదలయ్యేది, దానితో పాటు నడుములకి కట్టుకునే గుడ్డల రేకు బిళ్ళలు గలగలమనేవి. సినిమా ఇంటర్వెల్లు దాకా చూసి వచ్చేసినట్టుండేది. ఇంటికెళ్తే మా ఆయన గడియారం చూసి, "కరెక్టుగా వచ్చావే!" అని మెచ్చుకునేవాడు. మెచ్చుకున్నవాడు లేచి గుడ్లైనా ఉడకబెట్టి ఉంటే నేనూ మెచ్చుకునేదాన్ని. మర్నాడు బస్సెక్కగానే మిగతా కథ అడిగేదాన్ని. కండక్టరమ్మ టిక్కెట్లు కొడుతూ కొడుతూ ఆగి, రాడ్డు పట్టుకుని, "నిన్న నడుముతో సున్నాలు చుట్టాం. ఇదిగో, ఇట్లా" అని చూపించేది. వెనక సీట్లో పెద్దమనిషి పేపరు అడ్డం పెట్టుకునేవాడు. "చూస్తే చూడండి సార్, దీనికి టిక్కెట్టు లేదు" అనేది. నేను నవ్వలేక చచ్చేదాన్ని, దిగాక మాత్రం గొప్ప దిగులేసేది. నా ఒంటికి సంబంధించిన వార్తలు బస్సులో అడిగి తెలుసుకుంటున్నానేమిటా అని.

ఒక ఆదివారం టీచరమ్మ పిల్లి ఆసనం వేయించింది. చేతుల మీదా మోకాళ్ళ మీదా నిలబడి వీపు పైకి విరవడం, కిందికి జారవిడవడం. కాసేపయ్యాక, "అదే అల నడుములోకి రానివ్వండి, గుండ్రంగా తిప్పండి" అంది. తిప్పాం. "అలా తిప్పుతూనే మెల్లిగా లేవండి." లేచాం. ఎక్కడో అడుగున డోలు మోగుతోంది, ఎప్పుడు మొదలైందో తెలీదు. కళ్ళు మూసుకుని తిప్పుతున్నాను. ఊపిరి పొట్టలోకి దిగి అక్కడే తిరుగుతోంది. బొడ్డు కింద ఏదో చీమ పాకినట్టు చురుక్కుమంది. చెయ్యి పెట్టి చూసుకున్నాను. చీమ లేదు. నా చెయ్యి నాకు తెలిసింది! వేలి కొస అంత మేర, అంతే. మళ్ళీ తాకాను, మళ్ళీ తెలిసింది. నవ్వొచ్చింది. కన్నీళ్ళు కూడా వచ్చాయి గానీ నవ్వే ముందొచ్చింది. ఎంత సంతోషం వేసిందంటే, పాప పుట్టిన రోజు కూడా అంత సంతోషం వేయలేదు, ఈ మాట తల్లి అనకూడదంటే నేనేం చేయను?

కళ్ళు తెరిస్తే గంట అయిపోయింది. టీచరమ్మ దగ్గరికెళ్ళి, "ఇందులో ఎక్కడిదాకా యోగా, ఎక్కణ్ణుంచి డాన్సు?" అని గాభరాగా అడిగాను. ఆవిడకి అర్థమైంది. "ఇంట్లో అడిగితే మొత్తం యోగానే అనండి. మా క్లాసులో సగం మంది అదే చెప్తారు" అంది.

నేనూ అదే చెప్పాను. "ఇప్పుడు యోగాని గంటకి పెంచారు." మా ఆయన, "అంతసేపు యోగా ఒంటికి వేడి చెయ్యదూ?" అన్నాడే గానీ నమ్మాడు. అలా ఆదివారాలు గడిచాయి. చురుక్కుమనే చోటు కొంచెం కొంచెంగా పెరిగింది. బిళ్ళల గుడ్డ ఒకటి కొనుక్కుని లేబు కోటులో చుట్టి దాచుకున్నాను. ఇంట్లో ఎవరూ లేరనుకుని ఒక సాయంత్రం గిన్నెలు తోముతూ కట్టుకున్నాను. నడుము అటు వెళ్తే గిన్నె ఇటు, గిన్నె అటు వెళ్తే నడుము ఇటు. వెనక్కి తిరిగేసరికి అత్తయ్య గుమ్మంలో ఉంది.

"యోగాకి గజ్జెలు కూడా కడతారా?" అంది.

తడి చేతులతోనే ముడి విప్పబోయాను. అత్తయ్య వచ్చి కుర్చీలో కూర్చుంది. కాసేపు బిళ్ళల కేసి చూసి, గొంతు తగ్గించి, "దీంతో కుట్ల దగ్గర లాగడం తగ్గుతుందా?" అని అడిగింది.

"మీకూ లాగుతుందా అత్తయ్యా?"

"లాగదూ మరి? ముగ్గుర్ని కన్నాను. అడిగేదెవరు, చెప్పేదెవరు?"

ఆవిణ్ణి మంచం మీద పడుకోబెట్టి, పొట్ట మీద చెయ్యి పెట్టించి, ఊపిరి వదిలించాను. రెండుసార్లు వదిలి హాయిగా నిద్రపోయింది. లేచాక చెయ్యి పట్టుకుని, "వాడికి మాత్రం చెప్పకు. చెప్పకుండానే చేసుకుపో. నేనూ చెప్పకుండా చాలా చేశాను" అంది.

"ఏం చేశారు అత్తయ్యా?"

చాలాసేపు ఆలోచించింది. "గుర్తు రావడం లేదే. ఎవరితోనూ చెప్పుకోలేదుగా" అని నవ్వింది.

ఆ రాత్రంతా ఆ మాట నన్ను వదల్లేదు. నేనూ అంతేనా? ఒళ్ళు మేలుకుంటోంది సరే, దాన్ని వేరే పేరు కింద మేలుకొలుపుతున్నాను. రేపు పాప అడిగితే ఏం చెప్తాను, యోగా అనా?

తర్వాతి ఆదివారం ఆడపడుచూ, ఆవిడ భర్తా టిఫినుకి వస్తున్నారు. "ఈ ఒక్క వారం మానెయ్" అన్నాడు మా ఆయన. బ్రెడ్డు, గుడ్లు, పళ్ళు అన్నీ బల్ల మీద పెట్టి, "వేయించుకుంటే చాలు" అని చెప్పి వచ్చేశాను. క్లాసు మంచి ఊపు మీదుంది. పొట్టలు వణికించడం నేర్పుతోంది టీచరమ్మ. ఒక్కరికీ సరిగ్గా రావడం లేదు, గది గదంతా కడుపుబ్బ నవ్వుతోంది, నిజానికి ఆ నవ్వుకే అందరి పొట్టలూ అద్భుతంగా వణుకుతున్నాయి. అప్పుడు తలుపు తెరుచుకుంది. మా ఆయన.

గోడంతా అద్దం కావడం వల్ల చూశాను, లేకపోతే నాకు ఎప్పటికీ తెలిసేది కాదు. తలుపు తెరిచిన ఆ క్షణంలో, ఎవరూ ఏమీ అనకుండానే, అన్ని పొట్టలూ ఒక్కసారిగా లోపలికి వెళ్ళిపోయాయి. బస్సు నిండా మగవాళ్ళని ఒక్క కేకతో సర్దే కండక్టరమ్మది వెళ్ళింది. వదలండి వదలండి అని ఏళ్ళ తరబడి నేర్పుతున్న టీచరమ్మది వెళ్ళింది. నాదీ వెళ్ళింది. పాపం, ఆయన ఎవరి పొట్టా చూడటం లేదు. మొహమాటంతో నేలకేసి చూస్తున్నాడు. చూడని మనిషి కోసం ఇంతమందిమి ఊపిరి బిగబట్టి నిలబడ్డాం.

"వాళ్ళు వచ్చేశారు. యోగా అయిపోయిందా?" అన్నాడు నేలతో.

"ఇంకా యోగానే నడుస్తోందండీ" అంది టీచరమ్మ నన్ను కాపాడుతూ.

ఒళ్ళు మండింది నాకు. ఆయన మీద కాదు, ఆవిడ మీదా కాదు. ఆ కాపాడటం మీద.

"లేదండీ. యోగా ఎప్పుడో అయిపోయింది. ఇది డాన్సు" అన్నాను. "చాలా వారాలుగా ఇదే చేస్తున్నాను. నాకు బాగుంది. ఇంకో పావుగంట పడుతుంది."

ఆయన తలెత్తి నా మొహం చూశాడు. ఏదో అనబోయాడు. నేను నవ్వలేదు, లేబులో నవ్వే నవ్వు కూడా నవ్వలేదు.

"మరి టిఫిను?" అన్నాడు చివరికి, చాలా చిన్నగా.

"అన్నీ బల్ల మీదే ఉన్నాయి. మీ చెల్లెలు గుడ్డు ఎలా తింటుందో మీకే బాగా తెలుసు. తలుపు దగ్గరికి వేసి వెళ్ళండి."

వేసి వెళ్ళాడు. మెట్ల మీద అడుగుల చప్పుడు కిందికి పోయేదాకా ఎవరూ కదల్లేదు. తర్వాత అద్దంలో అన్ని పొట్టలూ ఒకేసారి బయటికి వచ్చాయి, అన్నిటికన్నా ముందు నాది.